ముప్పై డిగ్రీల పాలు

నేను ఒక జానెడు గాజు గొట్టాన్ని. కింద బుడ్డిలో సీసపు గుళ్ళు, పైన సన్నటి మెడలో అంకెలు వేసిన కాగితం. కంపెనీవాళ్ళు పెట్టిన పేరు లాక్టోమీటరు. చిత్తూరు జిల్లాలో నేను పనిచేసిన పాల కేంద్రానికి క్యాన్లు మోసుకొచ్చే ఆడవాళ్ళు మాత్రం నన్ను గాజుపుల్ల అనేవాళ్ళు. ఎక్కడో ఉత్తరాదిన అంబాలాలో నన్ను ఊది తయారుచేసిన పనివాడు రోజుకు వందల గొట్టాలు ఊదేవాడు గానీ, ఇంట్లో పిల్లలకు చిక్కటి పాలు పోయగలిగేవాడో లేదో నాకు అనుమానమే.

నా పని చాలా చిన్నది. పాలల్లో వదిలితే తేలుతాను. ఇరవై ఎనిమిదికీ ముప్పై రెండుకీ మధ్య నిలబడితే మంచి పాలు, నీళ్ళు కలిస్తే ఇంకా కిందికి మునుగుతాను. అంతకుమించి నాకేమీ తెలియదు. నాకు సమస్తం తెలుసనుకున్నది మనుషులే.

అలా అనుకున్నవాళ్ళలో మొదటివాడు ఓబులేసు. ఆ కేంద్రంలో పాలు పరీక్షించే ఉద్యోగి, పదకొండేళ్ళు నన్ను చేత్తో పట్టుకున్నవాడు. నిప్పులు కడిగే రకం. ఒక్క గేదెతో సంసారం ఈదే చెంగమ్మ క్యానులో ఓరోజు నేను ఇరవై అయిదు దగ్గరికి దిగిపోయాను.

“నీళ్ళు పోసినావు చెంగమ్మా.”

“క్యాను తొలిచిన నీళ్ళు రవ్వంత నిలిచిపోయినాయన్నా. ఈ పూటకి పోనీ.”

“ఈ పాలు తాగే పసిబిడ్డకు నేనేం చెప్పుకునేది?”

వరసలో నిలబడ్డ ముప్పైమంది ముందు ఆమె ఆ పాలన్నీ కాలవలో పారబోసి, ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది. ఓబులేసు నన్ను శుభ్రంగా కడిగి స్టాండులో పెట్టాడు. ఆరోజు అతను నాకు బాగా నచ్చాడు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఎందుకంటే అదే గోడకు అవతల మేనేజరు నరహరి గారున్నారు. ఎమ్మెస్సీ చదివారు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట, ఎవరినీ ‘ఏమోయ్’ అని ఎరగరు. పొద్దున పోయించుకున్న పాలల్లో వెన్న తీయించి, ట్యాంకు నిండా నీళ్ళు పట్టించి, తగ్గిన డిగ్రీని పైకి తేవడానికి ఏ పొడి ఎంత కలపాలో కాగితం మీద లెక్క వేసేవారు. వెన్నకు బదులు ఏదో నూనె. పొడి ఉండేది పేరులేని డ్రమ్ముల్లో.

“బలం పొడి ఓబులేసూ. పిల్లలకు ఎముక పుష్టి,” అన్నారు ఒకసారి, అడక్కుండానే.

సాయంత్రం ట్యాంకు పాలల్లో నన్ను ముంచితే ముప్పై దగ్గర బుద్ధిగా నిలబడేవాణ్ణి. ఓబులేసు రిజిస్టరులో ముప్పై అని రాసి సంతకం పెట్టేవాడు. చెంగమ్మ క్యానులో నీళ్ళను పట్టించిన నేను, ట్యాంకెడు నీళ్ళను పట్టించలేకపోయాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. చదువుకున్న పిల్లి తన కళ్ళు మూసుకోదు, మన కళ్ళు మూస్తుంది.

సిబ్బందికి రోజూ రెండు ప్యాకెట్లు ఉచితం. ఓబులేసు వాటిని మనవరాలు లిఖిత కోసం తీసుకెళ్ళేవాడు. ఏడాదిన్నర పిల్ల. భర్త పోయాక పుట్టింట్లోనే ఉంటున్న కూతురు రెడ్డెమ్మకు ఆ పిల్లే లోకం. ఎండాకాలంలో పిల్ల ఒళ్ళు వాచింది, ఒంటేలు ఆగిపోయింది. కిడ్నీలు దెబ్బతిన్నాయన్న తిరుపతి డాక్టరు, ఏ పాలు పడుతున్నారని అడిగాడట.

ఓబులేసు తిరిగొచ్చి, అంతవరకూ ఎన్నడూ తొంగిచూడని వెనక గదిలోకి వెళ్ళాడు. డ్రమ్ముల వెనక ఖాళీ సంచులు కుప్పగా ఉన్నాయి. తన మడికి తానే ఏటా చల్లే యూరియా సంచులు. వచ్చి నా ఎదురుగా నేలమీద కూలబడి, రెండు చేతులతో ముఖం బాదుకున్నాడు. పదకొండేళ్ళుగా రాసిన ముప్పైలన్నీ అతని చేతిరాతే.

పిల్ల ఆ నెలలోనే పోయింది. కర్మ ముగిసిన మర్నాడే ఓబులేసు ఫిర్యాదు రాసిచ్చాడు. నరహరికి శిక్ష పడాలి, అంతే. ఇక అతను బతికింది ఆ ఒక్క మాట కోసమే.

ఆహార తనిఖీ అధికారి వచ్చేసరికి సంచులు మాయం, డ్రమ్ములు కడిగేసి ఉన్నాయి. మిగిలిన సాక్ష్యం ట్యాంకులోని పాలే. ఆయన వాటిని నాలుగు సీసాల్లోకి పట్టించి, తాను చీటీలు రాసుకుంటూ చిన్న మందుసీసా ఓబులేసు చేతికిచ్చాడు. “ఫార్మలిన్. ఒక్కోదాంట్లో కొలత ప్రకారం చుక్కలు వెయ్యి. వేశాక మూతలు బిగించు.”

ఫార్మలిన్ అంటే ఓబులేసుకు తెలుసు. పాలు విరక్కుండా దొంగలు కలిపే విషం. అది వాసన వచ్చిన క్యాన్లను ఎన్నింటిని తిప్పికొట్టాడో! అధికారి పక్కన నరహరి గారు చిరునవ్వుతో కాఫీ అందిస్తున్నారు. వీడూ అమ్ముడుపోయాడు, నా చేత్తోనే సాక్ష్యం చెడగొట్టిస్తున్నాడు అనుకున్నాడు ఓబులేసు. వాళ్ళకు వీపు తిప్పి, చుక్కలన్నీ నా పక్కనున్న తొట్టిలోకి వదిలి, సీసాలకు ఉత్త మూతలు బిగించాడు. వద్దని అరవడానికి నాకు నోరు లేదు.

పాపం, ఆ అధికారి నిజాయితీపరుడు. పాలు దారిలో చెడకుండా చట్టమే వెయ్యమన్న చుక్కలవి.

రెండేళ్ళ తర్వాత మెడకు సాక్ష్యం చీటీ కట్టించుకుని నేనూ కోర్టు బల్ల ఎక్కాను. నాలుగు సీసాలూ విరిగి కుళ్ళిపోయాయి, పరీక్షకు పనికిరావు అని లాబొరేటరీ రాసింది. నరహరి వకీలు రిజిస్టరు తెరిచి, “ఈ ముప్పైలు నువ్వు రాసినవేనా?” అన్నాడు.

“నేనే సార్.”

“సంతకాలూ నీవే. మరి చుక్కలు ఎవరు వేశారు?”

“నేను వెయ్యలేదు సార్. వేస్తే కల్తీ అవుతాదని.”

కోర్టులో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. తనిఖీ అధికారి మాత్రం తల పట్టుకుని కూర్చున్నాడు. కేసు కొట్టేశారు. నరహరి గారు జడ్జి గారికి వినయంగా దండం పెట్టి కారెక్కారు.

ఇప్పుడు కోర్టు వెనక చీకటి గదిలో, తుప్పు కత్తులకీ నాటుసారా డబ్బాలకీ మధ్య ఉన్నాను. నన్ను ఎవరూ ముంచరు, ఏ అంకె చూపమనీ అడగరు. నాకదే నయం. ఇక్కడికి తెచ్చే ముందు గుమాస్తా నన్ను వరండా బల్లమీద కాసేపు వదిలేశాడు. పక్కనే మెట్లమీద తండ్రీకూతుళ్ళు కూర్చుని ఉన్నారు.

“నాయనా, ఆ చుక్కలు వేసింటే వానికి శిక్ష పడేదా?” అంది రెడ్డెమ్మ.

ఓబులేసు తలెత్తలేదు.

“పడేదమ్మా,” అన్నాడు.