డేరా కట్టడం వచ్చిన పిల్ల

"నీకు డేరా కట్టొస్తదని ఆడ నోరు జారకు," అన్నది పుష్పమ్మ, కూతురి టిఫిన్ డబ్బాలో జొన్నరొట్టె మడిచిపెడుతూ. "అడిగితే తెల్వదను. చేతులు కట్టుకొని నిలబడు. వస్తదని తెల్సిందంటే పది రోజులూ నిన్ను అండ్లనే ఉంచుతరు."

"కాలేజీల గట్లుండదమ్మా."

"నేను గూడ గట్లనే అనుకున్న. వంటొస్తదని ఒక్కపారి నోరు జారితే, సైటు మీద నలభై మందికి పన్నెండేండ్లు వండిపెట్టిన. నాతో బస్సెక్కినోళ్లు తాపీ పని నేర్సి మేస్త్రీలయిండ్రు. నేను పొయ్యికాడనే ఉన్న."

శిల్ప నవ్వి గద్వాల బస్సెక్కింది. మల్దకల్ దాటేదాకా ఆ నవ్వు అలాగే ఉంది.

ఆమె డిగ్రీ రెండో ఏడు. వేసవి సెలవుల్లో పరిశోధన కోర్సు పెట్టారు. వనపర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా అచ్చంపేట దాటి, నల్లమల అంచున పది రోజుల మకాం. అడవిలో తాళ్లతో గళ్లు గీసి, గడికి ఎన్ని చెట్లు, ఎన్ని మొలకలు బతికున్నాయో లెక్కరాయాలి. రాసే పుస్తకం శిల్పకు ఇస్తానన్నాడు వెంకట్రాములు సారు. హోలీ నుంచి ఆమె అదే పనిమీద ఉంది. తునికి, చిరుమాను, నారేపి అంటూ అరవై చెట్ల ఊరి పేర్లూ శాస్త్రం పేర్లూ బట్టీపట్టింది. అడవిలో తిరిగి రాసినవాళ్ల పేర్లే రిపోర్టు అట్టమీద అచ్చువేస్తారట. శిల్ప పేరు ఇంతవరకు అచ్చులో పడ్డది రేషన్ కార్డు మీద, హాల్ టికెట్ మీద. అంతే.

తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఆమె ఇల్లు ఒక నీలిరంగు టార్పాలిన్ పరదా. కాలువ పని ఎక్కడుంటే అక్కడ ఆ పరదా లేచేది. నాయిన మాసయ్య గుంజ పాతితే తాడు పట్టుకునేది శిల్ప. అక్షరాలకంటే ముందు ఆమెకు ముడులు వచ్చాయి. ఈ సంగతి కాలేజీలో ఎవరికీ తెలియదు. పక్క బెంచీ జయశ్రీ వాళ్లకు ముప్పై ఎకరాల సీడుపత్తి. ఆమెతో, మావాళ్లు బెంగుళూరులో పనిచేసేవాళ్లని మాత్రం చెప్పింది. అబద్ధమేమీ కాదు.

మకాంకు బయల్దేరడానికి ఇంకా రెండు రోజులుంది. ఆ పొద్దున కాలేజీ మైదానంలో డేరాలు కట్టి చూద్దామన్నాడు సారు. శ్రీనాథ్ ఫోన్‌లో వీడియో పెట్టుకొని మేకులు దిగ్గొడుతున్నాడు. అన్నీ నిటారుగా కొడుతున్నాడు. తాడు గుంజితే మేకు ఊడిరాకుండా వాలుగా కొట్టాలి. గాలి దిక్కు తాడు వదులుగా వేలాడుతోంది. శిల్ప అన్నీ చూసింది. చేతులు కట్టుకొని నిలబడింది. అమ్మ మాట దాటలేదు.

పదకొండింటికి రోడ్డు దిక్కునుంచి గాలిదుమారం లేచింది. పరదా కడుపు ఉబ్బినట్టు ఉబ్బింది. మేకులు పటపటా ఊడాయి. నడిమి గుంజ ఒరిగింది. లోపల చాప పరుస్తున్న జయశ్రీ కెవ్వుమంది.

ఎప్పుడు ఉరికిందో శిల్పకే తెలియదు. జారిపోతున్న తాడును ముంజేతికి చుట్టుకొని మడమలు నేలకు తన్ని వెనక్కి వాలింది. "అంచుల మీద కూసోండ్రి! గుంజ పట్టు శ్రీనాథ్, చూస్తున్నవేంది!" ఆ గొంతు కాలేజీది కాదు, సైటుది. గాలి తగ్గాక, మొదలుపెట్టిన పని వదలలేక, అరగంటలో నాలుగు డేరాలూ నిలబెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఏడ నేర్చినవమ్మా?" అన్నాడు సారు.

"సైటు మీద, సార్."

జయశ్రీ ఆమె వైపు చూసి, చూపు తిప్పుకుంది.

సారు మంచివాడు. అక్కడే వచ్చింది చిక్కు. మందలించేవాడైతే ఎదురు చెప్పవచ్చు. ఆయన నిజంగా సంతోషపడ్డాడు. "నా పరేషానంత తీరింది. మకాం దగ్గర ఎవరిని పెట్టాలా అని తల పట్టుకున్న. డేరాలు, నీళ్లు నువ్వు చూసుకో శిల్పా. వంటామెకు జర చెయ్యందియ్యి. పుస్తకం జయశ్రీ రాస్తది."

"సార్, చెట్ల పేర్లు..."

"ఆమెకు చెప్పు, రాసుకుంటది. మార్కులు నీకూ ఏస్త, ఫికర్ చెయ్యకు."

"మేస్త్రీ మేడం, దండం," అన్నాడు శ్రీనాథ్. నవ్వారు. ఎగతాళికేం కాదు, ముద్దుగానే నవ్వారు. "నీ పనే నయం శిల్పా, ఎండల తిరిగేది లేదు," అన్నది జయశ్రీ.

బస్టాండులో శిల్ప చెబుతుంటే జయశ్రీ రాసుకుంది. హోలీ నుంచి కూడబెట్టిన అరవై పేర్లు గద్వాల బస్టాండు బెంచీ మీద అరగంటలో అయిపోయాయి. నారేపి దగ్గర మాత్రం శిల్ప ఒక్క మాట ఎక్కువ చెప్పింది. దాని నారతో తాళ్లు పేనుతారు.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది.

"తెల్వదన్నవా?"

"అన్న."

నీళ్ల చెంబు అందిస్తూ పుష్పమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. ముంజేతి నుంచి అరచేతి దాకా తాడు ఒరిసిన ఎర్రటి వాత. అలాంటిది ఆమె చేతిమీదా ఉంది, పాతబడి నల్లగా. కొబ్బరినూనె తెచ్చి రాసింది. తర్వాత పెట్టెలోంచి పాతచీర తీసి రెండు పేలికలు చింపింది. ఒకటి కట్టుకోడానికి, ఒకటి అది తడిస్తే మార్చుకోడానికి. రెండూ సంచిలో కొత్త నోటుబుక్కు మీద పెట్టింది.

"తాడు గుంజేటప్పుడు చేతికి చుట్టుకో."

శిల్ప నోటుబుక్కు వైపే చూస్తోంది.

"ఇగ వంటొస్తదనన్న చెప్పకు బిడ్డా," అన్నది పుష్పమ్మ.

"చెప్పనమ్మా," అన్నది శిల్ప.