లోపలి గడియ

ఉప్పు గాలికి రంగు పొరలు పొరలుగా లేచిన తలుపు.

పైన నీలం. నీలం కింద ఆకుపచ్చ. ఆకుపచ్చ కింద ఒట్టి చెక్క... ఎప్పటిదో ఎవరూ చెప్పలేరు.

వెంకటదుర్గ ఫోన్ మీది దుమ్మును చున్నీ చివరతో తుడిచింది. మళ్ళీ తుడిచింది. వీడియో కాల్‌లో తలుపు ఇంకా అక్కడే ఉంది.

తలుపు బందరులో ఉంది. ఆమె కువైట్లో, ఖైతాన్‌లో ఉంది.

బయట దుమ్ముగాలి. కిటికీ అవతల శుక్రవారం మధ్యాహ్నం మొత్తం మట్టిరంగు. ఆరుగురు సర్దుకునే గదిలో, రెండంతస్తుల మంచం కింది పరుపు మీద, ఆమె మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. పక్కన రాయచోటి గౌసియా బీ. గది గౌసియా బీది — అంటే, ఆ గదిలో ఈ మంచం గౌసియా బీది. దుర్గ సెలవు పూట మాత్రం వచ్చిపోయే మనిషి. మిగతా ఆరు రోజులూ మామా ఇంట్లోనే ఉండి వంట చేస్తుంది. ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అనే పిలవాలి. అలా పిలవడం మొదలుపెట్టి ఇరవై మూడేళ్ళు.

ఆ తలుపున్న ఇల్లు అమ్మేది షహర్‌బాను. గౌసియా బీ అక్కకూతురికి అత్తగారు. మోకాళ్ళ నొప్పులు పడలేక కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఇంకొకాయన కూడా అడుగుతున్నాడు. ఆయనకు ఇల్లు అక్కర్లేదు, స్థలం కావాలి. పడగొట్టి అంతస్తులు లేపుతాడట.

కొంటుందో లేదో దుర్గ సాయంత్రానికి మాట చెప్పాలి. ఈ సాయంత్రానికే.

కోనసీమ మనిషికి బందరులో ఏం పని? అందరూ అడిగారు. దుర్గకు తెలుసు, చెప్పడమే రాదు. సొంతూళ్ళో ఆమె కువైట్ దుర్గ. కువైట్లో ఆమె ఇండియా మనిషి. బందరు — ఓడలో ఎవరొస్తే వాళ్ళని దింపుకున్న ఊరట. నీది ఏ ఊరని అడగకుండా. వందల ఏళ్ళు.

అలాంటి ఊరొకటి ఉంటుందా? ఉందట. ఆ ఊళ్ళో వలందపాలెం అనే పేటలో ఒక తలుపు కూడా ఉందట.

షహర్‌బాను నడిస్తే ఫోన్‌లో ఇల్లూ నడిచింది. కాసేపు నేల. కాసేపు ఆమె బొటనవేలు. కాసేపు గోడ మీద తెల్లగా పూసిన ఉప్పు. ఆ తర్వాత ఫోన్ పైకి లేచింది...

అబ్బ!

అంత ఎత్తున పైకప్పు ఉంటుందని దుర్గ అనుకోలేదు. దాన్ని మోస్తూ, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, నల్లటి దూలం.

"అది ఓడ దూలమంటమ్మా. సముద్రంలో పగిలిపోయిన ఓడది. మా మామగారు చెప్పేవారు," అంది షహర్‌బాను.

దుర్గ తలెత్తి చూసింది. బందరు పైకప్పు కోసం ఖైతాన్‌లో తలెత్తింది. పై మంచం చెక్క నుదుటికి ఠపీమని తగిలింది. గౌసియా బీ పకపకా నవ్వింది. దుర్గకు నొప్పి కూడా తెలియలేదు.

సముద్రం మీద తిరిగిన చెట్టు. ఎన్ని రేవులు చూసిందో. ఎక్కడ పగిలిందో. పగిలాక కూడా... ఒక ఇంటిని మోస్తూ ఉండిపోయింది.

ఉండిపోవచ్చు, అన్నమాట.

ముందు గది. నడవ. వంటిల్లు. వంటింటి వెనక ఇంకేదో చిన్న గుమ్మం.

"ఆగండి ఆగండి. ఆ గది చూపించండి."

చిన్న గది. కిటికీ లేదు. ఒక చాప పడుతుంది. ఒక పెట్టె పడుతుంది. దుర్గ కళ్ళతోనే కొలిచేసింది.

"ఇది చాలండి నాకు. ఇక్కడ పడుకుంటాను."

షహర్‌బాను ఫోన్‌ను తన ముఖం వైపు తిప్పింది.

"ఏందిక్కా!" గౌసియా బీ మోచేత్తో పొడిచింది. "ఇల్లంతా నువ్వే కొంటాండావు. మళ్ళా పనిమనిషి గదిలో పండుకుంటానంటావా?"

షహర్‌బాను నవ్వలేదు. "అది కట్టెలేసుకునే గదమ్మా," అంది మెల్లగా. "మీరు ముందు గదిలో పడుకోవాలి. దూలం కింద."

దుర్గకు సిగ్గేసింది. తర్వాత భయమేసింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది.

ఇరవై మూడేళ్ళలో ఎన్ని ఇళ్ళు మారినా, కాళ్ళు వాటంతటవే వంటింటి వెనక్కి వెళ్ళాయి. ఆ గదులన్నిటికీ తలుపులుండేవి. లోపల గడియలు మాత్రం ఉండేవి కావు. పిలిస్తే వెంటనే రావాలి కదా. తోస్తే తెరుచుకోవాలి కదా. అందుకని రోజూ తన పెట్టెను తలుపుకు అడ్డంగా జరిపి పడుకుంటుంది. చక్రాలు విరిగిన పాత పెట్టె. గడియ పని మాత్రం మానలేదు.

"ఒక్క పని చేసిపెడతారాండి," అంది ఫోన్‌లోకి. "ముందు తలుపెయ్యండి. లోపల్నించి. గడియ కూడా ఎయ్యండి. ఓసారి ఇంటాను."

తలుపు మూసుకుంది. వెలుతురు సన్నగా గీతైంది. తుప్పు పట్టిన ఇనుప గడియ మొరాయించింది, లేచింది, పడింది.

ఠంగ్.

సముద్రం దాటి వచ్చింది ఆ చప్పుడు. పై మంచం మీద నిద్రపోతున్న మనిషి లేచి కూర్చుంది. గౌసియా బీ ఫోన్ మీదికి వంగింది.

"ఇంకోసారండి."

ఠంగ్.

"ఇల్లు నాకేనండి. ఎవరికీ ఇవ్వకండి."

ఇక్కడ పనిచేసే మనవాళ్ళు ఊళ్ళో ఉన్న తమ్ముడికో బావకో, తమ బదులు సంతకం పెట్టేలా పవర్ పత్రం పంపి కొంటారు. దుర్గ పంపనంది. తనే వస్తానంది. తన చేత్తోనే సంతకం పెడతానంది. షహర్‌బాను నెల రోజులు ఆగుతానంది. ఆపైన ఆగలేనంది.

సాయంత్రం పనింటికి తిరిగొచ్చి, మామాకు గహ్వా కాఫీ ఇచ్చి, దుర్గ బందరు వెళ్ళిరావడానికి సెలవడిగింది.

"ఇన్షా అల్లా," అంది మామా.

ఈ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు తెలుసు. ఆ మాట నవ్వుతూ అంటే ఔనని. టీవీ వైపు తిరిగి అంటే కాదని.

మామా నవ్వింది. నవ్వుతూనే టీవీ వైపు తిరిగింది.

దుర్గ వంటింటి వెనక తన గదిలోకి వచ్చింది. తలుపు వేసింది. అలవాటుగా పెట్టెను అడ్డం జరపబోయి, ఆగిపోయింది.

తలుపు మీద చెయ్యి వేసి చూసింది. తెల్ల రంగు. గోటితో గీరింది. కింద ఇంకే రంగూ లేదు. వేళ్ళు పైకి పాకి, గడియ ఉండాల్సిన చోట నిలిచాయి.

పెట్టెను గది మధ్యకు లాగింది. తెరిచింది. ప్రయాణానికి మొదట రెండు చీరలు పెట్టింది.

వెనక, అడ్డం లేని తలుపు ఏసీ గాలికి కిర్రుమంది. మెల్లగా, దానంతటదే తెరుచుకుంది.

దుర్గ దాన్ని తెరుచుకోనిచ్చింది.