పదో తరగతి బోధన్‌లో

మారోతి బకెట్లో గోరువెచ్చని నీళ్లు పోసి, పిండికట్టు చుట్టను ముంచి, బుడగలు ఆగేదాకా చూశాడు. బల్ల మీద ఒక రైతు కాలు విరిగి పడుకుని ఉన్నాడు. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎక్కడిదాకా కట్టాలో ఒక్క మాట చెప్పి వెళ్లిపోయాడు. మిగతా పనంతా మారోతిదే. ఎముక కుదురుకుందో లేదో అతని వేళ్లకు తెలుస్తుంది. చీటీ మీద పేరు మాత్రం డాక్టరుది.

మహారాష్ట్రలో, నాందేడ్‌లోని ఆ ఎముకల ఆసుపత్రిలో అతనికిది ఇరవయ్యారో ఏడు. సరిహద్దు పల్లె కర్ఖేలి నుంచి ఊడ్చే పనికి వచ్చి, చూసి చూసి కట్టు నేర్చుకున్నాడు. నలభై తొమ్మిదేళ్లకే వీపు వంగింది, గోళ్ల సందుల్లో తెల్లపొడి ఎంత కడిగినా పోదు. ఊళ్లో వాళ్లు సరదాకి డాక్టరంటే నవ్వేస్తాడు. ఇరవయ్యెనిమిదేళ్ల కొత్త డాక్టరు గదిలోకి రాగానే స్టూలు మీంచి లేచి నిలబడేటప్పుడు మాత్రం నవ్వు రాదు. తన బిడ్డ ఎవరికీ అలా లేచి నిలబడకూడదు. అతని ఆశ అంతే.

ఆ ఆశ మూడు రోజుల కింద మెడికల్ సీటు కాగితాల తనిఖీలో కూలిపోయింది. తప్పు మారోతిదే. తను చదివింది మరాఠీ బడి. ఇంట్లో తెలుగే అయినా అక్షరం రాదు. బిడ్డకైనా రావాలని ప్రతీక్షను పదో తరగతి దాకా తెలంగాణలో, బోధన్‌లోని తన అక్క దగ్గర ఉంచాడు, ఆ తర్వాత కోచింగ్ కోసం నాందేడ్ తెచ్చాడు. సరిహద్దు పల్లెల్లో ఇది ఎవరూ తప్పనుకోరు. పెళ్లికీ బడికీ అటూ ఇటూ దాటుతూనే ఉంటారు. కానీ మహారాష్ట్ర కోటాకు పదీ పన్నెండూ ఇక్కడే చదవాలట. తెలంగాణ కోటాకు చివరి నాలుగేళ్లూ అక్కడే చదివి ఉండాలట. దేశమంతా పోటీపడే సీట్లకు ఆమె మార్కులు చాలవు. నీట్ రెండో ప్రయత్నంలో ఇక్కడి కోటాకు సరిపడా మార్కులొచ్చాయని పేడాలు పంచిన పిల్ల, రెండు రాష్ట్రాలకూ పరాయిదైంది. ఇక మిగిలింది పర్భణీలో, కోటా పట్టింపు లేని ప్రైవేటు నర్సింగ్ సీటు. ఈరోజు ఐదింటిలోగా చేరకపోతే అదీ పోతుంది.

పన్నెండున్నరకు ప్రతీక్ష ట్రంకుపెట్టెతో కట్లగది గుమ్మంలోకి వచ్చింది. మారోతి అప్పుడే ఒక ముసలమ్మ మణికట్టుకు తడికట్టు చుట్టి, రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు.

"డాక్టర్ సాబ్‌ను అడిగినవా బాపు?"

"అడిగిన. ఇంకో ఏడాది సదివితె దేశం కోటాల వస్తదేమో అన్నడు."

"వస్తదేమోనా?"

"గంతే అన్నడు బిడ్డా."

ఆమె పెట్టె కింద పెట్టింది. "రెండుసార్లు రాసిన. ఇంక నాతోని కాదు. ఒకటీ పదికి బండి ఉంది."

"నర్సు పని ఎట్లుంటదో నాకు ఎరికె. ఇరవయ్యారేండ్ల సంది చూస్తున్న."

"మరి ఆగుమంటవా?"

ఆగమంటే ఉన్న సీటూ పోతుంది. పొమ్మంటే బిడ్డ కూడా స్టూలు మీంచి లేచి నిలబడాల్సిందే.

"దహావీ తరగతి ఈడ సదివిపియ్యకపోతిని. నాదే తప్పు."

"ఆడ మంచిగనే సదివిన గద బాపు," అంది ప్రతీక్ష. గొంతులో కోపం లేదు. ఉంటే అతనికి కొంచెం తేలికగా ఉండేది.

ఆమె వంగి కాళ్లకు మొక్కింది. ఆ తల మీద చెయ్యి పెట్టాలని అతని ప్రాణం కొట్టుకుంది. చేతుల్లో కట్టు ఇంకా మెత్తగానే ఉంది. ఇప్పుడు వదిలితే ఎముక జరుగుతుంది.

"పో నాయినా, సాగనంపి రా," అంది ముసలమ్మ.

"గట్టిపడనీ అవ్వా," అన్నాడు మారోతి. గట్టిపడేసరికి గుమ్మం ఖాళీగా ఉంది. బయట ఇంకో నలుగురు వరసలో కూర్చున్నారు. మళ్లీ నీళ్లు పోసుకున్నాడు.

సాయంత్రం ఇంటికి వెళ్తే భార్య సుందరాబాయి పొయ్యి దగ్గర ఉంది.

"చేరిందంట. ఫోన్ చేసింది. సర్టిఫికెట్లన్ని కాలేజోల్లే పెట్టుకున్నరంట, సదువు అయ్యేదాక ఇయ్యరంట."

మారోతి కాళ్లు కడుక్కుని లోపలి గదిలోకి వెళ్లాడు. ప్రతీక్ష కోచింగ్ పుస్తకాలు ఎవరికైనా ఇవ్వడానికి తాడుతో కట్టి మూలన పెట్టి ఉన్నాయి. వాటి పైన మేకుకు, పన్నెండో తరగతి ల్యాబ్ కోసం కుట్టించిన తెల్లకోటు ఇస్త్రీ నలగకుండా, గుండీలన్నీ పెట్టి వేలాడుతోంది.