అమ్మ ఎక్కనన్న బండి
అమ్మ పోయి పూటైనా కాలేదు, వీడు బండి కడుగుతున్నాడు! వీధి వీధంతా ముక్కున వేలేసుకుందంటే వేసుకోదూ? లోపల మంచం మీద అమ్మ, చుట్టూ ఆడవాళ్ళు. గుమ్మం ముందు ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, బకెట్టూ నీళ్ళ గొట్టంతో కొడుకు.

అతను శవాల బండి డ్రైవరు. అతన్ని అందరూ తెల్లబండి అనే పిలుస్తారు, అసలు పేరు తపాలావాడికైనా గుర్తుందో లేదో. ఊళ్ళో ఎందరి తల్లులనో మోశాడు. ఈ రోజు తన తల్లి తన బండిలోనే వెళ్ళాలి, అదీ తళతళలాడే బండిలో. అదొక్కటే అతని పట్టుదల. చిక్కల్లా ఒక్కటే. నిరుడు వానల్లో ఒక సాయంత్రం అమ్మ ఉన్నట్టుండి, "నేను చచ్చినా ఆ బండెక్కను" అనేసింది. శవాలంటే రోత కాబోలనుకున్నాడు. "చచ్చాక నిన్నడిగేదెవరమ్మా?" అని నవ్వాడు కూడా.

శ్మశానం దారి అంతా బంకమట్టి. నిన్నటి వానకి అద్దాలదాకా చిమ్మి, ఎండి, పెచ్చులు కట్టింది. ఈ మట్టి దగ్గర తొందర పనికిరాదు. పొడిగా ఉండగా గుడ్డ పెట్టి రుద్దామా, అందులోని ఇసుక రంగును దున్నేస్తుంది. అందుకే తడి గోనెసంచులు తలుపుల మీద పరిచి, మట్టి దానంతటది వదిలేదాకా ఆగి, పైనుంచి కిందికి మెత్తగా తుడుస్తున్నాడు. పొద్దుట్నుంచీ కంట చుక్క నీరు రాలేదు. ఈ పని మాత్రం చేతనవడంతో అదే పట్టుకున్నాడు.

అక్క బయటికొచ్చింది.

"ఇంకో బండికి ఫోన్ చెయ్యరా. అమ్మ దీన్నెక్కనంది కదా."

"నా బండేం పాపం చేసిందక్కా? ఊరందర్నీ మోసి, కన్నతల్లిని ఎవడి బండిలోనో పంపితే నా మొహాన ఉమ్మేస్తారు."

"ఎవడూ ఉమ్మడు గానీ, లోపలికి రా."

"ఈ ఒక్క తలుపూ అయిపోనీ."

పక్క తలుపు మీది గోనెసంచి తీశాడు. నానిన మట్టి ముద్దలుగా జారిపోయింది. కింద పాత గీతలు బయటపడ్డాయి, సున్నాలు సున్నాలుగా తలుపంతా. బండి మొత్తంలో మెరుపు లేనిది ఆ తలుపొక్కటే. చూడగానే ఒళ్ళు మండింది.

"చూడు, ఎంత చక్కటి తలుపు! దీన్ని గీకిన వెధవ చేతులు..."

"నోర్ముయ్!"

అక్క అరుపుకి లోపలి ఆడవాళ్ళు తొంగిచూశారు. ఆమె గొంతు తగ్గించింది.

"అమ్మేరా గీకింది."

అతనికి అర్థం కాలేదు. అక్క మెట్టు మీద కూలబడింది.

"నిరుడు ఈ రోజుల్లోనే. నువ్వు రాత్రంతా తిరిగొచ్చి ఒళ్ళు తెలీకుండా నిద్రపోయావు. లేచాక మళ్ళీ బండి కడుక్కోవాలి, పిల్లాడి నడుం విరిగిపోతుందని, ఎండిన మట్టిని అంట్లు తోమే ఇనప పీచుతో తోమేసింది. గిన్నెలాంటిదే అనుకుంది పిచ్చిది. నువ్వు లేచి వీధిలో నిలబడి ఏమన్నావో గుర్తుందా?"

గుర్తులేకేం? వీధి దద్దరిల్లేలా అరిచాడు. "ఎవడ్రా గీకింది? వాడి చేతులు పడిపోను! వాడి కొంప కూల!" అప్పుడు అమ్మ గుమ్మంలో కూర్చుని కూరగాయలు తరుగుతోంది. తలెత్తలేదు. బండెక్కనన్నది ఆ సాయంత్రమే. చలికాలం రాకముందే ఆమె కుడిచెయ్యి పడిపోయింది. మెదడులో నరం దెబ్బతిందన్నాడు డాక్టరు.

"నా తిట్టే తగిలిందనుకుందా అక్కా?"

కాదని అక్క అబద్ధం చెప్పగలిగేదే. కానీ ఆమెకీ ఓపిక అయిపోయింది.

"అనుకుంది. నవ్వుతూనే అందిలే, కన్నకొడుకు నోరు తగలకుండా ఉంటుందా అని. నీకు తెలిస్తే తిండి మానేస్తావని, చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది."

ఇన్ని నెలలూ ఆ చేతికి నూనె రాసింది అతనే. "ఏ పాపిష్టివాడి కన్ను పడిందో అమ్మా" అని రోజూ అనేవాడు. ఆమె మొహం పక్కకి తిప్పుకునేది. ఒక్క ముక్క ముందు తెలిసుంటే కాళ్ళు పట్టుకునేవాడు. ఇప్పుడు లోపలికెళ్ళి చెప్పుకుందామంటే వినే మనిషి లేదు.

గుడ్డ బకెట్లో పడేసి, ఆస్పత్రి గేటు దగ్గరుండే ఇంకో డ్రైవరుకి ఫోన్ చేశాడు.

ఆ డ్రైవరు వచ్చి దిగాడు. "నీ బండుండగా నన్ను పిలిచావేంట్రా?"

"నేను తోలలేనన్నా."

ఆ డ్రైవరు వెళ్ళి తన బండి వెనక తలుపు తెరిచాడు. అతని బండి మరీ ఘోరం, చక్రాల నుంచి పైకప్పుదాకా మట్టే.

"నాలుగు నీళ్ళు పొయ్యమంటావా?" అంది అక్క.

"వద్దక్కా. వెళ్దాం పద."

అమ్మను ఎక్కించాక అలవాటు కొద్దీ ముందు తలుపు తియ్యబోయాడు. డ్రైవరు భుజం మీద చెయ్యేసి వెనక్కి పంపాడు. వెనక ఇరుకు బల్ల మీద అక్క పక్కన కూర్చున్నాడు. ఆ బల్ల మీద ఏడ్చేవాళ్ళను ఇన్నాళ్ళూ అద్దంలో చూడటమే గానీ, తను కూర్చున్నది లేదు.

మొదటి కుదుపుకే దుప్పట్లోంచి అమ్మ కుడిచెయ్యి జారింది.

"పట్టుకోరా," అంది అక్క.

"ఏ మొహం పెట్టుకుని పట్టుకోనక్కా?"

అక్కే తీసి దుప్పట్లో పెట్టింది. మళ్ళీ జారింది, మళ్ళీ పెట్టింది. ఆ తర్వాత ఆమె కూడా వదిలేసింది. దారి పొడుగునా గుంతలే. గుంత వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి వచ్చి అతని మోకాలికి ఆనుతూనే ఉంది.