ముంజీ గీసిన ముళ్లపందులు

ముంజీ పోయిన నలభయ్యో రోజు ప్రార్థనలు అయిపోయాక అతని భార్య బయా, తను గౌరవంగా లల్లా అని పిలిచే రశీదాకు ఫోన్ చేసింది.

"యూనివర్సిటీ లైబ్రరీవాళ్లు ఆయన పత్రిక కాగితాలన్నీ అడుగుతున్నారు, లల్లా. ప్రదర్శన పెడతారట. ఇచ్చేముందు మీరొకసారి చూడండి. అప్పటి పత్రికవాళ్లలో ట్యూనిస్‌లో మిగిలింది మీరొక్కరే."

రశీదా వెళ్లేసరికి బయా భోజనాల బల్ల నిండా అన్నీ పరిచి ఉంచింది. విద్యార్థి పత్రిక ‘గంట’ పాత సంచికలు, సిరా మరకల చొక్కా, సైక్లోస్టైల్ యంత్రం పిడి, సమ్మె రోజు ఫొటో. ఫొటోలో ముంజీ నోరంతా తెరిచి నినాదం ఇస్తున్నాడు. పక్కన రశీదా అతనికేసి చిరాగ్గా చూస్తోంది.

"అంత కోపమేంటి లల్లా ఆయన మీద?"

"వారం వారం పోట్లాటే. నా శీర్షికలన్నీ కత్తిరించి పారేసేవాడు."

బయా నవ్వి, లోపలినుంచి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చింది. "మా అత్తగారు దాచిపెట్టింది. ఇందులో ఆయన బొమ్మలున్నాయి."

"ముంజీ బొమ్మలా? గీత తిన్నగా గీయడం కూడా రాదుగా అతనికి."

"పక్కనే ఉండి మీరే అలా అంటే ఎలా? పత్రికలో మంత్రి కుర్చీలో ముళ్లపంది కూర్చున్నట్టు బొమ్మ వేసింది ఆయనే కదా. సంపాదకుడివి, నువ్వు గీయడమేంటని పోలీసులు నమ్మకపోతే వాళ్ల ముందే గీసి చూపించాడట. జైలుకెళ్లింది అందుకేగా. లైబ్రరీవాళ్లు బొమ్మ కింద ఆయన పేరు కూడా అచ్చు వేయించేశారు."

రశీదా టీ గ్లాసు కింద పెట్టబోతే తగిలి పక్కనున్న పళ్లెం ఒరిగింది. బాదంపప్పులు బల్ల మీద పడ్డాయి.

ఆ ముళ్లపందిని గీసింది తను. ఆ సంగతి తనకూ ముంజీకీ తప్ప మూడో మనిషికి తెలియదు. సంచిక బయటికొచ్చిన సాయంత్రం, "పరీక్షలు దగ్గరపడ్డాయి, మీ ఊరెళ్లి చదువుకో" అని కసిరి ఆమెను కైరవాన్ బస్సెక్కించాడు. సంపాదకుడు కాబట్టి అతన్ని పట్టుకుపోయారనే ఆమె ఇన్నేళ్లూ అనుకుంది. బయటికి వచ్చాక అతను ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

డబ్బా తెరిచింది. మొదటి కాగితం మీద బంగాళాదుంపకు పుల్లలు గుచ్చినట్టున్న ముళ్లపంది. రెండోదానికి కాళ్లు మరీ పొడవు. కాగితాలు తిప్పుతున్నకొద్దీ ముళ్లు వాటి చోటికి వచ్చాయి, మూతి సన్నబడింది. ప్రతి కాగితం వెనకా ఆ సంచికదే, అచ్చులో పాడైపోయిన పేజీ ఉంది. అడుగున ఉన్న బొమ్మ అచ్చం ఆమె గీసినట్టే ఉంది. కుడి కాలికి ఒక వేలు తక్కువ వేసే ఆమె అలవాటుతో సహా.

పోలీసులు గీసి చూపించమంటారని అతనికి ముందే తెలుసు. ఆమెను బస్సెక్కించి వచ్చి, కూర్చుని నేర్చుకున్నాడు.

"ఏమైంది లల్లా? మొహం అలా పాలిపోయిందేంటి?"

రశీదా పెన్ను తీసి, కాగితపు రుమాలు మీద చెయ్యెత్తకుండా ఒక్క గీతలో ముళ్లపందిని గీసింది. బయా ఆ రుమాలునూ డబ్బాలోని కాగితాలనూ మార్చి మార్చి చూసింది. మెల్లగా కుర్చీలో కూలబడింది.

రుమాలు చేతిలో పట్టుకునే అడిగింది. "మీ ఇద్దరి మధ్యా ఏమన్నా ఉండేదా?"

"లేదు. ఉంటే చెప్పేదాన్ని. నాకూ ఇప్పుడే తెలిసింది, బయా."

"ఇన్నేళ్లు కాపురం చేశాను. నాక్కూడా అబద్ధమే చెప్పాడు." కోపమో ఏడుపో ఆమెకే తెలియనట్టుంది. లేచి లైబ్రరీకి ఫోన్ చేసింది. "బొమ్మ కింద పేరు తప్పు పడింది. రశీదా అని మార్చండి. పక్కన పెట్టడానికి ఇంకొన్ని కాగితాలు పంపిస్తాను. అవి మా ఆయనవి."

వెళ్లేముందు రశీదా గుమ్మంలో ఆగింది. "ఆ మొదటి కాగితం, బంగాళాదుంపలా ఉన్నది, నాకిస్తావా?"

బయా డబ్బాను ఒళ్లోకి లాక్కుంది. "వద్దు లల్లా. అది నాకుండనివ్వండి."