ఆయనకి అన్నీ గుర్తే

ప్రేమకుమారి ముసలాయన ఒళ్లు తడిగుడ్డతో తుడిచి, ఎడమ పక్కకి తిప్పి వీపుకి పౌడరు అద్దింది. ఎనభై ఎనిమిదేళ్ల ఒంటిమీద ఒక్క పుండు లేదు. రెండు గంటలకోసారి తిప్పుతూ, మడమల కింద మెత్తలు పెడుతూ ఆరేళ్లుగా ఆమె కాపాడిన ఒళ్లది. పాలకొల్లు నుంచి గల్ఫులోని ఈ అల్ ఐన్‌కి వచ్చి, పద్దెనిమిదేళ్లుగా ఇళ్లలో నర్సు పని చేస్తూ తన మోకాళ్లు మాత్రం అరగదీసుకుంది.

“నీళ్లు నిన్నటికంటే చల్లగా ఉన్నాయి,” అన్నాడాయన ఇక్కడికొచ్చాక నేర్చుకున్న హిందీలో.

ఒకప్పుడు ఆయన తన దేశపు సైన్యంలో పెద్ద అధికారి. యాభై ఏళ్ల కిందటి యుద్ధంలో ఓ పల్లె బడిలో నలభై ఒక్కమందిని కాల్పించాడని కేసు. ఒళ్లు తుడిపించుకుంటూ ఆ సంగతి ఆయనే రెండుసార్లు చెప్పాడు, ఊరి పేరుతో సహా. నర్సు ముందు దాచడమెందుకు అనుకున్నాడేమో.

ఆయన విచారణకి తట్టుకోగలడా లేదా అన్నది ఆ రోజు యుద్ధనేరాల కోర్టువాళ్లు వీడియోలో చూస్తారు. ఆయన కొడుకుని ఇంట్లో పనివాళ్లందరూ ముదీర్ అంటారు, అరబ్బీలో యజమాని అన్నట్టు. అతను పొద్దున్నే వచ్చి, “ఆయనకేమీ గుర్తులేదని చెప్పు, చాలు,” అన్నాడు.

వంటమనిషి నబీ రసూల్ది కడప. టీ అందిస్తూ, “చెప్పేసెయ్ అక్కా. నీ వీసా ఆయప్ప చేతిలో ఉండాది. కాటికి కాళ్లు చాపినోణ్ణి జైల్లో ఏస్తే ఏమొస్తాది?” అన్నాడు.

పదకొండింటికి తెరమీద ముందుగా ఓ ముసలావిడ కనిపించింది. ఆ బడిలోంచి ప్రాణాలతో బయటపడిన మనిషి. రెండు చేతులా కర్ర పట్టుకుని నిలబడింది. జడ్జి కూర్చోమన్నాడు. ఆవిడ జవాబుని దుబాసీ ఇంగ్లీషులో చెప్పాడు:

“మా తమ్ముళ్లకి ముసలితనం రానివ్వలేదు. నాకొచ్చింది. నిలబడే చెబుతాను.”

మంచం మీద ముసలాయన నోరు తెరిచి, పొద్దున లేని వణుకు చేతుల్లోకి తెచ్చుకున్నాడు. ప్రేమకుమారికి ఒళ్లు మండిపోయింది.

“సిస్టర్, ఈయనకి పాత సంగతులు గుర్తున్నాయా?” తెరమీంచి అడిగాడు కోర్టు డాక్టరు.

ముదీర్ ఆమె వంకే చూస్తున్నాడు.

“ఉన్నాయి సార్. ఊరి పేరు గుర్తుంది. ఎంతమందో గుర్తుంది. నాతోనే చెప్పాడు.”

విచారణ జరగాల్సిందేనన్నాడు జడ్జి. తెర ఆరిపోగానే ముదీర్, “ఖలాస్. సామాను సర్దుకో,” అన్నాడు.

వంటింట్లో రసూల్ తల పట్టుకున్నాడు. “ఎందుకట్ల చేస్తివక్కా? ముసిలోడు గదా!”

“మరి ఆవిడ ముసల్ది కాదేంటి రసూలూ? ఇన్నేళ్లూ ఆవిణ్ణి ఎవరన్నా పక్కకి తిప్పి పడుకోబెట్టారా? ఈయన ఒళ్లు పాడవకుండా చూసిందెవరు? నేను! ఈ చేతుల్తోనే!”

సాయంత్రం పెట్టె సర్దుకున్నాక, తిప్పే వేళయిందని అలవాటుగా గదిలోకి వెళ్లింది. ఆయన పోయాడు. ఒళ్లింకా వెచ్చగానే ఉంది. మొహంలో ఏ బాధా లేదు. ఆమె పిలుపుకి పరుగున వచ్చిన ముదీర్ కాసేపటికి ఫోనులో ఎవరికో చెబుతున్నాడు, “నిద్రలోనే. హాయిగా పోయారు.”

హాయిగా! ప్రేమకుమారి పళ్లు కొరుక్కుంది. అయినా ఆయన కళ్లు మూసింది, అది తన పని కనక. దుప్పటి మాత్రం సర్దలేదు. పెట్టె తీసుకుని బయటికి నడిచింది.

మంచం పక్క బల్లమీద, మధ్యాహ్నం కోర్టు పంపిన కాగితం ఉంది. దానిమీద ఆయన పూర్తి పేరు, వచ్చే నెల తేదీ, కింద నిందితుడి సంతకానికి వదిలిన ఖాళీ.