కుడి గిన్నెలో పడ్డ డమ్మీ

నేను ఒక వెండి బిళ్ళను. రూపాయి కాసు కన్నా చిన్నగా ఉంటాను. కంటిగుడ్డు మీద అతికినట్టు కూర్చోవాలి కాబట్టి లోపలికి కాస్త వంగి ఉంటాను. అంచున కుట్టు వేయడానికి చిల్లులున్న రెండు చెవులున్నాయి. ఆపరేషన్ థియేటర్లో నన్ను డమ్మీ అంటారు. ఆ పేరులో గౌరవం లేదని నాకూ తెలుసు. పెళ్ళిలో ఫొటోలు తీసేవాడు లైటు సరిచూసుకోవడానికి ఎవరినో తెచ్చి పెళ్ళికొడుకు కుర్చీలో కూర్చోబెడతాడు చూడండి, నాది ఆ ఉద్యోగం. అసలువాడు రాగానే లేచిపోవాలి.

నేను పుట్టింది విశాఖపట్నంలో. ఆసుపత్రి పేరు మాత్రం చెప్పను. ఎందుకు చెప్పనో చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది. అప్పట్లో అక్కడ కంటి క్యాన్సర్‌కు తెలిసిన వైద్యం ఒక్కటే, కన్ను తీసేయడం. డాక్టర్ రామలింగస్వామి పై రాష్ట్రాలు తిరిగి కొత్త పద్ధతి నేర్చుకొచ్చి, మెట్ల కింద గదిలో రెండు బల్లలు వేసి ఆ విభాగం మొదలుపెట్టారు. ఆయన తెప్పించిన అసలు బిళ్ళకు లోపలి వైపు రేడియేషన్ పదార్థం పూత ఉంటుంది. గడ్డ ఉన్నచోట దాన్ని కంటిగుడ్డుకు కుట్టి మూడు నాలుగు రోజులు ఉంచితే గడ్డ మాడిపోతుంది, కన్ను దక్కుతుంది. కాకపోతే అది బయట ఉన్నంతసేపూ చుట్టుపక్కల చేతులకు చేటు. అందుకని కొలతలూ కుట్లూ ముందుగా నా మీద సరిచూసుకుంటారు.

నన్ను చేసినవాడు కురుపాం మార్కెట్ దగ్గర కంసాలి వీరబ్రహ్మం. బొమ్మ గీసిన కాగితం చేతికివ్వగానే, "ఇది కుడి చెవికా బాబూ, ఎడం చెవికా?" అని అడిగాడు. కంటికని డాక్టర్ గారు చెబితే కాసేపు ఆయన మొహం వంక అనుమానంగా చూశాడు. అసలుదానికీ నాకూ తేడా తెలిసేలా ఒక గీత పెట్టమన్నారు. అందం చెడిపోతుందని వాడు దాన్ని వెనక వైపు వెంట్రుకంత సన్నగా పెట్టాడు. పదేళ్ళు మరిగించి, తోమి, మళ్ళీ మరిగించేసరికి ఆ గీత కాస్తా అరిగిపోయింది. అది అరిగిందని గమనించే తీరిక అంత చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ దొరకలేదు.

ఆ పదేళ్ళలో విభాగం మెట్ల కింద నుంచి రెండో అంతస్తుకు చేరింది. డాక్టర్ గారికి తోడు ఇద్దరు మనుషులు కుదిరారు. థియేటర్ హెడ్ నర్సు మార్తమ్మ ఒకరు. రేడియేషన్ లెక్కలు కట్టే షహనాజ్ మేడమ్ ఇంకొకరు. బిళ్ళ ఎన్ని గంటలు ఉండాలో నిమిషాలతో సహా తేల్చేది ఆవిడే. ముగ్గురూ కలిసి రెండు నియమాలు పెట్టుకున్నారు. మార్తమ్మ బల్ల మీద రెండు స్టీలు గిన్నెలుంటాయి. ఎడమది నాది, కుడిది అసలుదానిది, అవసరం వచ్చేదాకా అది మూలన సీసం పెట్టెలో ఉంటుంది. ఇక అసలుది చేతులు మారే ఆ నిమిషం ఎవరూ నోరు విప్పకూడదు. డాక్టర్ గారు చెయ్యి చాపుతారు, మార్తమ్మ మొహం పక్కకు తిప్పుకుని పొడుగాటి పటకారుతో అందిస్తుంది, ఆయన నలభై సెకన్లలో ముడి వేసేస్తారు. చూడముచ్చటగా ఉండేది. తేడా వచ్చేదాకా ఏ నియమమైనా అలాగే ఉంటుంది.

ఆ రోజు బల్ల మీద పడుకున్న పిల్ల పేరు పైడితల్లి. నాలుగేళ్ళది. తల్లి నూకరత్నం భీమిలి దగ్గర ఎండుచేపలు అమ్ముకుంటుంది. దీపం ముందు పిల్ల ఎడమ కన్ను పిల్లి కన్నులా మెరుస్తుంటే చుట్టాలు లక్ష్మీకళ అన్నారట. ఆ కళ క్యాన్సరని తెలిసేసరికి ఆలస్యమైంది, కన్ను తీసేశారు. తర్వాత కుడి కంట్లోనూ గడ్డలు కనిపించాయి. మందులు ఎక్కించారు, లేజర్ పెట్టారు. అన్నీ లొంగాయి గానీ వెనక మూల ఒక్క గడ్డ మొండికేసింది. ఇక మిగిలింది బిళ్ళే. అది పనిచేయకపోతే ఆ కన్నూ తీసేయాలి, పిల్ల పూర్తిగా గుడ్డిదవుతుంది. ఈ మాట నూకరత్నానికి దాచకుండా చెప్పారు.

పైగా పిల్లకు దగ్గు. మత్తు డాక్టరు గంట కన్నా ఎక్కువ ఇవ్వనని ముందే ఖచ్చితంగా చెప్పేశాడు.

నన్ను కంటి వెనక పెట్టి చూశారు. ఒక కుట్టు మిల్లీమీటరు పక్కకు పోయింది. "కొత్త దారం కావాలి సిస్టర్" అన్నారు డాక్టర్ గారు. మార్తమ్మ అలమర వైపు వెళ్ళింది. ఆయన నన్ను బయటకు తీసి ఎడమ గిన్నె వైపు చూశారు. దాని నిండా నెత్తురు దూది. మరేం ఆలోచించకుండా నన్ను కుడి గిన్నెలో వదిలి, కుట్టు సరిచేసుకోవడంలో మునిగిపోయారు.

మార్తమ్మ వచ్చి దారం ఇచ్చింది. ఆయన కొత్త కుట్టు వేసుకుని, మాటా పలుకూ లేకుండా చెయ్యి చాపారు. ఆవిడ కుడి గిన్నె చూసింది. బిళ్ళ ఉంది. షహనాజ్ మేడమ్ అసలుదాన్ని సీసం పెట్టెలోంచి తీసి పెట్టేసిందనుకుంది, ఎందుకంటే అప్పుడప్పుడూ ఆవిడే తీసేది. మొహం పక్కకు తిప్పుకుని, భయభక్తులతో నన్ను పటకారుతో పట్టి అందించింది. జన్మలో మొదటిసారి నాకు అంత మర్యాద దక్కింది. ఏం లాభం? నేను కాదు మొర్రో అని అరవాలనిపించింది. వెండికి నోరెక్కడిది? నలభై సెకన్లలో ముడి పడిపోయింది.

ఆ చీకట్లో గడ్డకు ఆనుకుని పడుకుని నేను ఒకటే అనుకున్నాను. మూడు రోజులు నేనిలాగే ఉంటాను. వైద్యం జరిగిందనుకుని పిల్లను ఇంటికి పంపుతారు. నెలన్నర తర్వాత చూసేసరికి గడ్డ కన్నంతా నిండిపోయి ఉంటుంది. అప్పుడు బిళ్ళ పనిచేయలేదమ్మా అని ఆ తల్లికి చెప్పి, కన్ను తీసేస్తారు. నా పేరు కూడా బయటికి రాదు.

షహనాజ్ మేడమ్ మీటరు పట్టుకుని వచ్చింది. రేడియేషన్ ఉంటే ఆ డబ్బా కటకటమంటుంది. రెప్ప మీదుగా పెట్టింది. చప్పుడు లేదు.

"బ్యాటరీ అయిపోయినట్టుంది" అన్నారు డాక్టర్ గారు, కట్టు కడుతూనే.

ఆవిడ బ్యాటరీ మార్చింది. మళ్ళీ పెట్టింది. అప్పుడూ అంతే.

"మొన్నే కింద పడింది కదండీ ఆ మీటరు. కింది అంతస్తులోంచి ఇంకోటి తెప్పించండి, వార్డులో చూద్దాం. పిల్లను లేపెయ్యాలి" అన్నారాయన.

మనుషులు పనిముట్టును ఎంత తేలిగ్గా అనుమానిస్తారో ఆ రోజు చూశాను. మత్తు డాక్టరు అప్పటికే మందు తగ్గించేశాడు. పిల్ల చిటికెన వేలు కదిలింది. షహనాజ్ మేడమ్ మీటరు పట్టుకుని మూలనున్న సీసం పెట్టె దగ్గరికి నడిచింది. మూత తీసింది.

కటకటకటకట.

మార్తమ్మ చేతిలో పటకారు జారి నేల మీద పడింది. "నేనే ఇచ్చాను సార్... కుడి గిన్నెలో ఉందని..." అంది.

"అందులో వేసింది నేను" అన్నారు డాక్టర్ గారు. మత్తు డాక్టరు వైపు తిరిగారు. "డాక్టర్, ఎంత టైమిస్తారు?"

మత్తు డాక్టరు గొట్టంలో ఊపిరి చప్పుడు విన్నాడు. "పది నిమిషాలు. పదకొండోది అడగొద్దు."

కట్టు విప్పారు. ముళ్ళు కోశారు. నేను బయటపడ్డాను. ఈసారి గిన్నె కాదు, ఏకంగా చెత్త ట్రేలో విసిరారు. అక్కడి నుంచే అంతా విన్నాను. నియమాలన్నీ గంగలో కలిసి ముగ్గురూ బిగ్గరగా మాట్లాడుకున్నారు. "ఇది అసలుదేనా?" "అసలుదే సార్, మీటరు చూడండి." "మళ్ళీ చూడండి." ఎనిమిదో నిమిషంలో పిల్ల దగ్గింది. డాక్టర్ గారు చెయ్యి పైకెత్తి ఆగారు. దగ్గు ఆగాక ఆఖరి ముడి వేశారు. షహనాజ్ మేడమ్ రెప్ప మీద మీటరు పెట్టగానే అది గట్టిగా మొత్తుకుంది.

బయటకు వెళ్ళేముందు మత్తు డాక్టరు మెల్లగా, "ఆలస్యమైందని చెబితే చాలదా?" అన్నాడు. రామలింగస్వామి గారు చెత్త ట్రేలోంచి నన్ను ఏరి, కడిగి, గుడ్డలో చుట్టి చేత్తో పట్టుకెళ్ళారు. వార్డు గుమ్మంలో నూకరత్నం నిలబడి ఉంది. గుడ్డ విప్పి నన్ను చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పారు.

ఆవిడ నన్ను చేతిలోకి తీసుకుని చూసింది. "మీరు సెప్పకపోతే నాకు తెలిసీది కాదు గదా బాబూ?"

"తెలిసేది కాదమ్మా."

"ఇప్పుడు నా పిల్ల కంట్లో ఉన్నది అసలుదేనా?"

"అసలుదే."

"మీ మాట ఇంక నాను నమ్మను బాబూ. కోపగించుకోకండి. ఆ డబ్బా ఏదో మొత్తుకుంటాదన్నారు గదా, దాన్ని నాకు ఇనిపించండి."

ఆయన తల దించుకుని షహనాజ్ మేడమ్‌ను పిలిచారు. తల్లిని రేడియేషన్ సోకనంత దూరంలో నేల మీద గీసిన పసుపు గీత దగ్గర నిలబెట్టారు. మేడమ్ పిల్ల కట్టు మీద మీటరు పెట్టింది. కటకటమని చప్పుడు వార్డంతా వినిపించింది. అంతమంది భయపడి దూరం జరిగే ఆ చప్పుడు వింటూ నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మేడమ్ మీటరు తీయబోతే, "ఆపకండమ్మా, ఇంకొంచెంసేపు" అంది.

నెలన్నరకు గడ్డ సగమైంది. ఏడాదికి సున్నపు మచ్చలా ఎండిపోయింది. నన్ను మాత్రం ఆ వారంలోనే వీరబ్రహ్మం దగ్గరికి తీసుకెళ్ళి నడుమ కందిగింజంత చిల్లు పెట్టించారు, ఇక గుడ్డివాడికైనా తేడా తెలియాలని. వాడు తన పనితనం పాడైపోతోందని గొణిగాడు. నాకు మాత్రం బాధ కలగలేదు, నిజం చెప్పాలంటే ఊరట కలిగింది. తర్వాత పారదర్శకమైన ప్లాస్టిక్ డమ్మీలొచ్చాక నన్ను మార్తమ్మ సొరుగులో పడేశారు.

పైడితల్లి ఏటా పరీక్షకు వస్తుంది. మొన్న వచ్చినప్పుడు మూడో తరగతి. మార్తమ్మ నన్ను తీసి దాని అరచేతిలో పెట్టి, ఒకప్పుడు ఇది నీ కంట్లో కాసేపు ఉందే అంది. పిల్ల నన్ను అటూ ఇటూ తిప్పి, చిల్లును కుడి కంటికి ఆనించుకుని గదంతా చూసింది. చూసి చూసి ఒకచోట ఆగింది.

"అమ్మా, ఇందులోంచి నువ్వొక్కదానివే కనబడతన్నావు."

నూకరత్నం కదలకుండా అక్కడే నిలబడింది, పిల్ల చూడటం అయ్యేదాకా.